ముందు మ్యాగజీన్, తర్వాతే పౌడర్: .308 రీలోడింగ్ సమగ్ర మార్గదర్శి

రీలోడింగ్ అంటే కాల్చేసిన తూటా తాలూకు ఇత్తడి కేసుని మళ్ళీ నింపి కొత్త తూటా (రౌండు) చేసుకోవడం: కేసు అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, నోట్లో బుల్లెట్. ఇది నేర్చుకుందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ పౌడర్, ఎన్ని గ్రెయిన్లు?" అని. గ్రెయిన్ అంటే పౌడర్‌ని తూచే కొలత. కొన్నాళ్ళకు అదే మనిషి మళ్ళీ వస్తాడు: "రౌండ్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ మ్యాగజీన్‌లోంచి సరిగా ఎక్కడం లేదు, ఎందుకంటారు?" రెండో ప్రశ్న రాకుండా ఉండాలంటే మొదటి ప్రశ్నను కాసేపు పక్కన పెట్టాలి. రౌండు ఎంత పొడుగు ఉండొచ్చో మ్యాగజీన్, అంటే రౌండ్లు పేర్చి రైఫిల్‌లో పెట్టే పెట్టె, చెబుతుంది. ఆ పొడుగుని బట్టి బుల్లెట్, బుల్లెట్‌ని బట్టి పౌడర్. ఇక్కడ చెప్పే వరస కూడా అదే.

ఉదాహరణకు .308 విన్‌చెస్టర్ అనే రకం తూటా, బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి రౌండుకీ బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ ఆడించేది) తీసుకున్నాను. కొత్తవాళ్ళు చేయి అలవాటు చేసుకోవడానికి ఇది మంచి క్యాలిబర్. పౌడర్ కొలతలు మాత్రం ఇవ్వను. అవి అచ్చయిన తాజా రీలోడింగ్ మాన్యువల్‌లోంచే తీసుకోవాలి. ఫ్రెండ్ చెప్పినవీ, వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో వచ్చినవీ పనికిరావు.

## 1. సామాను కొనకముందే: చట్టం

ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం. అక్కడ సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. తయారుచేసి అమ్మితే మాత్రం కావాలి. పక్కింటాయనకు డబ్బులు తీసుకుని చేసిపెట్టడం కూడా అమ్మకమే అనుకోండి.

మనవాళ్ళలో చాలామందికి తెలియనిది ఇంకోటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పైగా ఆ చట్టంలో తూటాలంటే పూర్తయిన రౌండ్లే కాదు. కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా అందులోకే వస్తాయి. కాబట్టి "నేను ప్రైమర్లే కదా కొన్నది" అన్న మాట చెల్లదు. గ్రీన్ కార్డ్ వచ్చాక పరిస్థితి వేరు. ఏమాత్రం అనుమానం ఉన్నా ముందు లాయర్‌ని అడగండి.

రాష్ట్రాల మధ్య కూడా తేడాలున్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలలో మ్యాగజీన్‌కి 10 రౌండ్ల పరిమితి ఉంది, టెక్సాస్‌లో అలాంటిది లేదు. రాష్ట్రం మారుతూ సామాను సర్దుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం. ఇంటికి వచ్చేటప్పుడు రేంజ్‌కి (కాల్పులు సాధన చేసే చోటుకి) వాడే బ్యాగుని చెక్-ఇన్ లగేజీ చేయకండి. జేబు మూలలో మిగిలిపోయిన ఒక్క రౌండు శంషాబాద్‌లో మీ ప్రయాణాన్ని ఆపేయడానికి చాలు.

## 2. మ్యాగజీన్ లోపల కొలవండి

.308కి ప్రామాణికంగా పెట్టిన గరిష్ఠ మొత్తం పొడుగు 2.810 అంగుళాలు. అడుగు నుంచి బుల్లెట్ ముక్కు దాకా అన్నమాట. మీ మ్యాగజీన్ అంత పట్టొచ్చు, ఎక్కువ పట్టొచ్చు, కొన్నిసార్లు బొటాబొటిగా పట్టొచ్చు. ఏఐసీఎస్ అనే డిజైన్ తరహా డిటాచబుల్ (ఊడదీసి పెట్టే) మ్యాగజీన్లు సాధారణంగా కాస్త ఎక్కువే ఇస్తాయి. రైఫిల్‌తో వచ్చే ఇంటర్నల్ మ్యాగజీన్లలో మోడల్‌ని బట్టి తేడా ఉంటుంది.

కాలిపర్‌తో (సూక్ష్మంగా కొలిచే పరికరంతో) లోపలి వెనక గోడ నుంచి ముందు గోడ దాకా కొలవండి. పైన ఒకసారి, మధ్యలో ఒకసారి. కొన్నిటికి ముందు గోడలో గీత, వంపు ఉంటాయి. వచ్చినదాంట్లో చిన్న అంకె తీసుకుని, దాంట్లోంచి కనీసం 0.020 అంగుళం తగ్గించండి. మీ రౌండు అంతకు మించకూడదు.

ఇప్పుడు మాన్యువల్ తెరిచి, మీరు కొనాలనుకున్న బుల్లెట్‌కి వాళ్ళు వాడిన మొత్తం పొడుగు చూడండి. అది మీ పరిమితిలో ఉంటే సరే. లేకపోతే బుల్లెట్ మార్చండి. అంతేగానీ అదే బుల్లెట్‌ని ఇంకా లోపలికి కుక్కి, పౌడర్ మాత్రం మాన్యువల్‌లో ఉన్నంతే వేయకండి. బుల్లెట్ లోపలికి దిగేకొద్దీ కేసులో చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది.

## 3. నమ్మకంగా ఎక్కించే మ్యాగజీన్ ఎలా ఉంటుంది

ధర, పేరు తర్వాత. చేతిలోకి తీసుకుని ఇవి చూడండి:

- ఫీడ్ లిప్స్: పైన రౌండుని పట్టి ఉంచే రెండు అంచులు. రెండువైపులా ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉండాలి. స్టీల్‌వి కింద పడితే వంగుతాయి, పాలిమర్‌వి పగుళ్ళిస్తాయి. కొత్తగా ఉన్నప్పుడే మధ్య దూరం కొలిచి రాసిపెట్టుకుంటే తర్వాత విప్పారిందో లేదో తెలుస్తుంది.
- ఫాలోయర్: రౌండ్లని కిందనుంచి మోసే పలక. వేలితో ముందు మూల నొక్కండి, వెనక మూల నొక్కండి. ఊగిసలాడుతూ ఒకపక్కకి ఒరిగి ఇరుక్కుంటే వదిలేయండి.
- స్ప్రింగ్: ఆఖరి రౌండుని కూడా గట్టిగా పైకి నెట్టాలి. స్ప్రింగ్ సంగతి బయటపడేది ఆ ఆఖరి రౌండు దగ్గరే.
- క్యాచ్ గాడి: మ్యాగజీన్‌ని రైఫిల్ పట్టి ఉంచే గాడి. రైఫిల్‌లో పెట్టి కిందకి లాగండి, పక్కలకి ఊపండి. ఎక్కువ ఆడుతుంటే మ్యాగజీన్ కిందకి దిగి, బోల్ట్ రౌండుని పట్టుకోకుండా పైనుంచి పోతుంది.

స్టీలా పాలిమరా అన్న వాదన ఎప్పటికీ తెగదు. తేమ, దుమ్ము ఉండే వేటకి నేను పాలిమర్ వైపే మొగ్గుతాను, తుప్పు గొడవ ఉండదు. ఏదైనా లోపల నూనె మాత్రం పూయొద్దు. నూనె దుమ్ముని పట్టుకుంటుంది, పొరపాటున ప్రైమర్ దాకా వెళ్తే రౌండు పేలకపోవచ్చు. విప్పి, పొడిగా తుడిచి, మళ్ళీ బిగిస్తే చాలు.

ప్రతి మ్యాగజీన్ అడుగున పెయింట్ మార్కర్‌తో ఒక నంబరు వేయండి. ఈ నంబర్ల అవసరం 11వ మెట్టులో తెలుస్తుంది.

## 4. బల్ల మీద ఏముండాలి

- సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒక్క పనే చేసేది; మొదటిసారి ప్రోగ్రెసివ్ ప్రెస్ వద్దు)
- .308 ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై (కేసుని తిరిగి కొలతకు తెచ్చే అచ్చు), సీటింగ్ డై (బుల్లెట్‌ని కూర్చోబెట్టే అచ్చు), సరైన షెల్ హోల్డర్ (కేసు అడుగుని ప్రెస్‌లో పట్టి ఉంచేది)
- కాలిపర్, .308 కేస్ గేజ్ (కేసు సరైన కొలతలో ఉందో లేదో చూసే అచ్చు)
- గ్రెయిన్లు చూపే త్రాసు, దాన్ని సరిచూసే తూకపు బిళ్ళలు
- ట్రిమ్మర్, నోటి అంచులు నున్నగా చేసే చాంఫర్ టూల్
- కేస్ లూబ్, లోడింగ్ బ్లాక్, గరాటు
- బుల్లెట్ పుల్లర్, ఇరుక్కున్న కేసుని తీసే కిట్
- కళ్ళద్దాలు, నోట్‌బుక్
- రెండు వేర్వేరు సంస్థల మాన్యువల్స్

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బా మాత్రమే ఉండాలి. రెండోది కనిపించకూడదు. దీనికో కారణముంది: హెచ్4895, ఐఎంఆర్ 4895 అని రెండున్నాయి. అంకె ఒకటే, పౌడర్లు వేరు. 4350లోనూ ఇంతే. లేబుల్ మొత్తం బయటికి చదివి, మాన్యువల్ పేజీలో పేరుతో అక్షరం అక్షరం పోల్చుకోండి.

ఫోన్ పక్క గదిలో పెట్టండి. టీవీ ఆపేయండి. మధ్యలో ఎవరైనా పిలిస్తే, చేతిలో ఉన్న కేసులో పౌడర్ పోశారో లేదో అన్న అనుమానం రాకముందే దాన్ని ఖాళీ చేసి లేవండి.

## 5. కేసుల పరీక్ష

ఇత్తడివి, మధ్యలో ఒకే రంధ్రం ఉన్నవి (బాక్సర్ ప్రైమర్‌వి) మాత్రమే పనికొస్తాయి. స్టీల్, అల్యూమినియం కేసులు పక్కన పడేయండి. రేంజ్‌లో ఏరుకున్నవి ఎన్నిసార్లు పేలాయో ఎవరికీ తెలియదు. మొదటిసారి మీరే కొని కాల్చిన ఒకే కంపెనీ కేసులతో మొదలుపెట్టండి.

మిలిటరీ వాడే 7.62 (.308 కొలతకి దగ్గరగా ఉండే తూటా) ఇత్తడి సాధారణంగా మందంగా ఉంటుంది, అంటే లోపల చోటు తక్కువ. అదే పౌడర్ కొలత దాంట్లో ఎక్కువ ప్రెషర్ ఇస్తుంది. రెండు రకాలనూ ఒకే బ్యాచ్‌లో కలపకండి. మిలిటరీ వాటికి ప్రైమర్ చుట్టూ నొక్కిన క్రింప్ ఉంటుంది, కొత్త ప్రైమర్ పెట్టేముందు దాన్ని తీసేయాలి.

కడిగాక వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూడండి. మెడ (బుల్లెట్‌ని పట్టుకునే సన్న భాగం) మీద సన్నటి చీలిక ఉంటే పారేయండి. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే జాగ్రత్త. అక్కడ ఇత్తడి లోపల్నుంచి పలచబడి ఉండొచ్చు. పేపర్ క్లిప్ తెరిచి, కొన చిన్నగా వంచి, కేసు లోపల గోడ మీద కిందనుంచి పైకి గీయండి. ఎక్కడైనా చిన్న గాడిలో పడి ఆగినట్టు తగిలితే ఆ కేసు పని అయిపోయింది. అలాంటిది మళ్ళీ కాలిస్తే అడుగు భాగం ఊడి, ముందు భాగం చాంబర్‌లోనే (బ్యారెల్ వెనక చివర రౌండు కూర్చునే చోట) ఉండిపోతుంది.

పొడి మీడియాతో (పొట్టులాంటి పొడితో) కేసుల్ని తిప్పి శుభ్రం చేసే టంబ్లర్ ఇంట్లో వాడొద్దు. ఆ దుమ్ములో సీసం ఉంటుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగకుండా ఏమీ తినకండి, పిల్లల్ని ఎత్తుకోకండి.

## 6. సైజింగ్

కాల్చిన కేసు చాంబర్ అంత ఉబ్బి ఉంటుంది. దాన్ని డై తిరిగి కొలతకు తెస్తుంది.

లూబ్ ఎంత రాయాలన్నది అందరికీ ఇబ్బందే. పెనం మీద ఉల్లిపాయ ముక్కతో రుద్దే నూనెంత చాలు. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే ఏటవాలు భాగం) మీద సొట్ట పడుతుంది. చిన్న సొట్ట ప్రమాదం కాదు, కాలిస్తే సర్దుకుంటుంది. ఇరుక్కుంటే మాత్రం బలవంతం చేయకుండా కిట్ వాడండి. మెడ లోపల కూడా బ్రష్‌తో కొంచెం తగిలించండి.

డైని ఎంత కిందకి దించాలి? "షెల్ హోల్డర్‌కి తగిలాక ఇంకో పావు చుట్టు" అని డబ్బాలోని కాగితం చెబుతుంది. పని జరుగుతుంది గానీ భుజాన్ని అవసరమైనదానికంటే ఎక్కువ వెనక్కి నెట్టి కేసు ఆయుష్షు తగ్గిస్తుంది. మెరుగైన పద్ధతి: మీ రైఫిల్‌లోనే కాల్చిన కేసు భుజం కొలత కాలిపర్ అటాచ్‌మెంట్‌తో తీసుకుని, దానికంటే 0.001 నుంచి 0.002 అంగుళం మాత్రమే వెనక్కి వెళ్ళేలా డైని కొద్దికొద్దిగా దించండి. సెమీ ఆటోమేటిక్ (తర్వాతి రౌండు దానంతటదే ఎక్కే రైఫిల్) అయితే 0.003 నుంచి 0.005 దాకా ఇవ్వాలి, లేకపోతే బోల్ట్ పూర్తిగా మూసుకోదు.

ఒక కేసు సైజ్ చేశాక ఆగండి. కేస్ గేజ్‌లో వేయండి, ఖాళీ కేసుతోనే బోల్ట్ మూసి చూడండి. నచ్చాక మిగతావి. మొత్తం అయ్యాక లూబ్ పూర్తిగా తుడిచేయండి.

## 7. పొడుగు కత్తిరించడం

సైజ్ చేసినప్పుడు ఇత్తడి మెడ వైపు సాగుతుంది. అందుకే కొలవడం ఇప్పుడే, ముందు కాదు. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటినవాటిని 2.005కి కత్తిరించి, నోటి అంచు లోపలా బయటా చాంఫర్ టూల్‌తో రెండు తిప్పులు తిప్పండి. పొడుగైన కేసు నోరు చాంబర్ చివర బుల్లెట్‌ని నొక్కి పట్టుకుంటుంది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

## 8. ప్రైమర్

కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంతలో మసి గోకండి. లార్జ్ రైఫిల్ ప్రైమర్, మాన్యువల్‌లో చెప్పిన రకమే. మ్యాగ్నమ్ ప్రైమర్ చెప్పనిచోట వేయొద్దు. ఒకసారికి అవసరమైనన్నే బయటికి తీయండి, మిగతావి కంపెనీ డబ్బాలోనే ఉండాలి. కళ్ళద్దాలు ఇక్కడ తప్పనిసరి.

ప్రైమర్ అడుగు తాకే దాకా నొక్కాక, కేసు అడుగు మీద చూపుడువేలు జార్చండి. ప్రైమర్ సమానంగానో పైకో కాదు, కొద్దిగా లోపలికి ఉండాలి. పైకి ఉన్నది ముఖ్యంగా సెమీ ఆటోలో బోల్ట్ మూసుకుంటుండగానే పేలే ప్రమాదముంది. ఎగుడుగా ఉన్నదాన్ని పౌడర్ లేనప్పుడే నెమ్మదిగా సరిచేయాలి, పౌడర్ పోశాక ముట్టుకోవద్దు.

## 9. పౌడర్

త్రాసుని ఫ్యాన్, ఏసీ గాలికి దూరంగా పెట్టి, బిళ్ళతో సరిచూడండి. 7,000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండ్. అంటే ఒక గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు కూడా కాదు. ఇక్కడ దశాంశ చుక్క ఒకటి తప్పినా లెక్క పోతుంది.

మాన్యువల్‌లో కనీసం, గరిష్ఠం అని రెండుంటాయి. కనీసం దగ్గర మొదలుపెట్టండి. రెండో మాన్యువల్‌లో కూడా చూసి, రెంటిలో తక్కువది తీసుకోండి. మెట్టు మెట్టుగా పెంచుతూ ఒక్కో మెట్టుకి కొన్ని రౌండ్లే చేయండి.

బ్లాక్‌లో ఉన్న కేసులన్నిటిలో పోశాక, టార్చ్ వేసి పైనుంచి వరసగా చూడండి. ఒకదాంట్లో మట్టం ఎక్కువగానో తక్కువగానో ఉంటే తెలిసిపోతుంది. .308లో మామూలుగా వాడే పౌడర్లతో రెండుసార్లు పోస్తే పైకి పొర్లుతుంది కాబట్టి ఆ తప్పు కనిపిస్తుంది. అసలు పోయని కేసే దొంగది. అది బుల్లెట్‌ని బ్యారెల్ మధ్యలో ఇరికిస్తుంది. దాని వెనక ఇంకో రౌండు కాలిస్తే బ్యారెల్ పేలుతుంది.

## 10. బుల్లెట్ కూర్చోబెట్టడం, డమ్మీ పరీక్ష

ముందు డమ్మీలు చేయండి: సైజ్ చేసిన కేసు, బుల్లెట్, ప్రైమర్ లేదు, పౌడర్ లేదు. కేసు పక్కన ఎర్ర మార్కర్‌తో గీత. అడుగున ఖాళీ గుంత కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అసలు రౌండుతో కలవదు.

మాన్యువల్ పొడుగుకి సీటింగ్ డైని పెట్టి, మొదట కావాలనే కాస్త పొడుగ్గా వదిలి, తర్వాత కొద్దికొద్దిగా దించండి. మెత్తటి ముక్కున్న బుల్లెట్లలో కొనలు ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి, అందుకే కొలతలో కొద్ది తేడా సహజం.

మ్యాగజీన్ నిండా డమ్మీలు వేసి, బోల్ట్ మామూలు వేగంతో ఆడించండి. నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి. చూడాల్సినవి:

- ముక్కు మ్యాగజీన్ ముందు గోడకి రాసుకుంటోందా?
- బోల్ట్ మూసుకోవడానికి అదనపు బలం కావాలా?
- బయటికొచ్చిన డమ్మీ పొడుగు మారిందా? తగ్గితే మెడ బుల్లెట్‌ని సరిగా పట్టుకోలేదు. పెరిగితే రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి మెలి గాళ్ళకి) తగిలి బయటికి లాగుతోంది.
- బుల్లెట్ మీద కొత్త గీతలున్నాయా?

పూర్తయిన అసలు రౌండ్లతో ఈ పరీక్ష ఇంట్లో చేయకండి. ఎంత సేఫ్టీ ఉన్నా సరే.

గాడి ఉన్న బుల్లెట్‌కి, మాన్యువల్ అడిగితేనే క్రింప్ (కేసు నోటిని బుల్లెట్ మీదకి నొక్కడం). బోల్ట్ యాక్షన్‌లో చాలాసార్లు అవసరం రాదు. ఎక్కువ క్రింప్ చేస్తే భుజం ఉబ్బి రౌండు చాంబర్‌లోకే వెళ్ళదు.

## 11. రేంజ్‌లో: తప్పు రౌండుదా, మ్యాగజీన్‌దా?

తక్కువ మెట్టు నుంచి ఎక్కువకి కాల్చండి. ప్రతి రౌండు తర్వాత బోల్ట్ ఎత్తడం తేలిగ్గా ఉందా, ప్రైమర్ చదునైపోయిందా, కేసు అడుగున ఎజెక్టర్ (కేసుని బయటికి నెట్టే బోల్ట్ భాగం) గుర్తు మెరుస్తోందా చూడండి. బోల్ట్ బిగుసుకుందంటే ఆ రోజుకి అక్కడితో ఆపండి. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) ఉంటే మాన్యువల్‌లోని వేగంతో పోల్చండి. గరిష్ఠం రాకముందే ఆ వేగం వచ్చేస్తే మీ రైఫిల్ గరిష్ఠం అదే.

ఎండ సంగతి మరిచిపోకండి. జనవరిలో డల్లాస్ చలిలో సరిపోయిన లోడ్ (పౌడర్ కొలత), ఆగస్టులో కారు డిక్కీలో కాగాక ప్రెషర్ ఎక్కువ చూపొచ్చు. గరిష్ఠానికి ఆనుకుని ఉండే లోడ్ వేసవికి వద్దు.

చప్పుడు చిన్నగా వస్తే ఆపి, ఖాళీ చేసి, బ్యారెల్ లోపల వెలుతురు కనిపించేదాకా కాల్చొద్దు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి.

ఎక్కకపోవడం మొదలైతే నంబర్లు పనికొస్తాయి. అదే రౌండ్లు వేరే మ్యాగజీన్‌లో వేయండి. ఒక్క నంబరులోనే ఇబ్బంది వస్తే తప్పు మ్యాగజీన్‌ది. అన్నిట్లో వస్తే రౌండుది. అప్పుడు ఫ్యాక్టరీ రౌండ్లు కూడా వేసి చూడండి. అవీ ఎక్కకపోతే రైఫిల్ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ముక్కు కిందకి వంగి గోడకి గుచ్చుకుంటే: ఫాలోయర్ వంగుతోంది, లేదా ఫీడ్ లిప్స్ ముందు భాగం విప్పారాయి. మొదట రాసుకున్న కొలతతో పోల్చండి.

బోల్ట్ రౌండు పైనుంచి పోతే: స్ప్రింగ్ బలహీనం, లోపల మట్టి, లేదా క్యాచ్ వదులు. నిండా వేసినప్పుడే వస్తుంటే ఒక రౌండు తక్కువ వేసి చూడండి.

బోల్ట్ సగంలో ఆగితే: భుజం సరిగా వెనక్కి వెళ్ళలేదు, కేసు పొడుగైంది, లేదా బుల్లెట్ రైఫ్లింగ్‌కి తగులుతోంది. ఆ రౌండుని కొట్టి మూయకండి. బయటికి తీసి కేస్ గేజ్‌లో వేస్తే ఏదో తేలుతుంది.

ఆఖరి రౌండే ఎక్కకపోతే: దాదాపు ఎప్పుడూ స్ప్రింగే. స్ప్రింగ్ ఒక్కటే దొరుకుతుంది, మ్యాగజీన్ మొత్తం మార్చక్కర్లేదు. ఫీడ్ లిప్స్ పోయినదాన్ని మాత్రం ప్లయర్స్‌తో వంచి సరిచేసే ప్రయత్నం చేయకండి, నలిపి చెత్తలో వేయండి. లేకపోతే మళ్ళీ బ్యాగులోకి చేరుతుంది.

## 12. దాచడం, పనికిరానివి విప్పడం

ప్రతి డబ్బా మీద తేదీ, కేసు కంపెనీ, ఎన్నోసారి కాల్చడం, ప్రైమర్, పౌడర్ పూర్తి పేరు, గ్రెయిన్లు, బుల్లెట్, మొత్తం పొడుగు రాయండి. లేబుల్ లేని రౌండు అంటే ఏముందో తెలియని రౌండు.

అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో పౌడర్ 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే, ప్రైమర్లు 10,000 దాకా ఉంచుకోవచ్చు. మీ ఊరి నిబంధన ఇంతకంటే తక్కువ ఉండొచ్చు. గాలి చొరబడని ఇనుప పెట్టె వద్దు, అంటుకుంటే లోపల ప్రెషర్ పెరుగుతుంది. ప్రైమర్లు, పౌడర్ వేర్వేరు చోట్ల, పిల్లలకు అందకుండా తాళం వేసి. ఒలికిన పౌడర్‌ని వ్యాక్యూమ్‌తో లాగొద్దు, బ్రష్‌తో ఎత్తండి. ఘాటు పుల్లటి వాసన, ఎర్రటి పొగలాంటిది కనిపిస్తే ఆ డబ్బా పాడైనట్టే.

అనుమానం వచ్చిన రౌండుని పుల్లర్‌తో విప్పండి. బుల్లెట్, కేసు మళ్ళీ వాడుకోవచ్చు. పౌడర్‌ని మాత్రం డబ్బాలోకి తిరిగి పోయొద్దు. కొద్దిపాటి అయితే ఆరుబయట గడ్డి మీద పలచగా చల్లేయండి.